అన్నీ నిండుకున్నాయి

ఉప్పు నిండుకుంది, వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ పట్రా అని ఫోన్లో చెప్పేసి, పక్కసీటావిడ ఫోన్ని సంచిలో పడేసుకుంది, తడిసిన గొడుగుని కాళ్ళ మధ్య ఇరికించుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ పని అక్కడితో అయిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకి మాత్రం అక్కడే మొదలైంది. నిండుకుంటే మళ్ళీ పట్రమ్మనడం ఏమిటి? డబ్బా నిండా ఉప్పుంటే ఇంకో ప్యాకెట్ తెచ్చి ఎక్కడ పోస్తారు? బస్సు కదలడం లేదు. బయట వాన, ముందంతా ఎర్ర లైట్ల వరస, డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీద వదిలేసి ఆవలిస్తున్నాడు. పొద్దున్నించీ కళ్ళద్దాల షాపులో వచ్చిన వాళ్ళందరి కళ్ళ ముందూ గాజుబిళ్ళలు మార్చి మార్చి, ఇది బాగుందా ఇందాకటిది బాగుందా అని అడిగీ అడిగీ ఆమె దవడలు నొప్పెడుతున్నాయి, అందుకని ఎవరి ఉప్పు గొడవో తనకెందుకని ఆమె కూడా ఒక కునుకు తీద్దామనే చూసింది. కానీ ఆ మాట విన్న మాట. ఈమధ్యనే విన్న మాట. మెట్ల మీద విన్నది. ఎదురింటి గడపలో, కుడిచేతికి పిండికట్టు వేసుకుని, జుట్టు ఎడంచేత్తో ఎలాగో ముడేసుకుని నిలబడ్డ దర్జీ పిన్ని నోట విన్నది.

"ఏమండీ," అంది ఆమె పక్కావిడ మోచేతిని వేలితో తాకి. "నిండుకుంది అంటే ఉందనా, లేదనా?"

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "లేదనే. ఇంట్లో వస్తువుని పట్టుకుని అయిపోయింది, లేదు అని నోటితో అనకూడదుగా. అందుకని అలా అంటాం." తర్వాత రెండో కన్ను కూడా తెరిచి ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. "మీది తెలుగేనా?"

తెలుగే. తెలుగు కాక ఏమిటి, అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగే, కాకపోతే నాన్నకి ఏడాదికో ఊరు బదిలీ, ఆమెకి ఏడాదికో బడి, తర్వాత హాస్టళ్ళు, అక్కడ నలుగురు పిల్లలు నాలుగు భాషలు కలిపి మాట్లాడుకునే సంకర భాష, దాంట్లో తిట్లన్నీ వచ్చుగానీ ఇలాంటి మాటలు ఎవరు నేర్పుతారు? పెళ్ళయిన కొత్తలో ఒకరోజు కరెంటు పోయింది. అత్తయ్య వంటింట్లోంచి, కొవ్వొత్తి కొండెక్కింది ఇంకోటి తీసుకురామ్మా అంది. ఏ కొండ అత్తయ్యా అని ఆమె నిజంగానే అడిగింది. ఆ చీకట్లో అత్తయ్య నవ్విన నవ్వు, ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వు, మర్నాడు ఫోన్లో ఆడపడుచు నవ్విన నవ్వు, పోనీ అక్కడితో ఆగిందా, వచ్చిన చుట్టమల్లా కాఫీ తాగుతూ ఏ కొండమ్మా అని అడగడమే. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. కానీ లోపల ఒక నిర్ణయం చేసుకుంది, ఇక ఈ జన్మలో ఈ ఇంట్లో ఏ మాటకీ అర్థం అడగనని. తెలియని మాట వస్తే తల ఊపడం, ముందూ వెనకా ఉన్న మాటలని బట్టి ఊహించుకోవడం. ఊహించడంలో చెయ్యి తిరిగిపోయింది కూడా. పదింటికి తొమ్మిది సరిగ్గానే పడేవి. పదోది ఇదిగో, ఇలా వచ్చి పడింది నెత్తిన.

ఆ రోజు ఆమె సంచి పట్టుకుని బజారుకి పరిగెడుతోంది. దర్జీ పిన్ని తలుపు తీసి ఉంటే ఊరికే వెళ్ళలేక, పిన్నీ బజారుకెళ్తున్నా, ఏమన్నా కావాలా అని అడిగింది. పిన్ని ఒక్క క్షణం ఆగింది. అవును, ఆగింది, ఇప్పుడు బాగా గుర్తొస్తోంది, గుమ్మం పట్టుకున్న ఎడంచెయ్యి కాస్త బిగిసింది. ఏం చెప్పమంటావమ్మా, మా ఇంట్లో అన్నీ నిండుకున్నాయి అంది. దానికి ఆమె ఏమంది? అయ్యో దేవుడా, ఏమంది! అబ్బ, ఎంత అదృష్టవంతులు పిన్నీ, మా కొంపలో చూడండి, ఎప్పుడూ ఏదో ఒకటి లేకుండానే ఉంటుంది అంది. అని నవ్వింది. నవ్వి, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయింది. పిన్ని ముఖం ఎలా ఉందో వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు బస్సు కిటికీ మీద జారే నీళ్ళలో ఆ ముఖాన్ని తయారుచేసుకుందామంటే రావడం లేదు. వచ్చినా చూసే ధైర్యం లేదు.

మెట్ల మీద కాలుజారి పిన్ని చెయ్యి విరగ్గొట్టుకున్న రోజునుంచీ ఆమె ఇంట్లో ఏం వండితే అందులో ఒక వాటా అవతలికి వెళ్ళేది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. పిన్ని మొగుడు లారీ తోలతాడు, వారాలకి వారాలు రోడ్ల మీదే ఉంటాడు, ఈసారైతే బండి ఎక్కడో ఇంజను పాడై నిలిచిపోయి ఇంకా రానే లేదు. అందుకని రెండు మూతగిన్నెలు, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూర. మొదట్లో పిన్ని తీసుకుని, ఇంతెందుకమ్మా నేనొక్కదాన్నేగా అనేది. రోజూ అదే మాట. బాగుందని ఒక్కనాడూ అనలేదు. బాగుందని అనకపోతే ఏం, పెట్టేదానికి లెక్కలా అని పైకి అనుకున్నా, లోపల ఆమెకి కాస్త గుచ్చుకుంటూనే ఉండేది. ఆమె వంట ఆలస్యంగా నేర్చుకుంది, అందుకే ఎవరైనా మెచ్చుకుంటే బావుండునని ఉంటుంది. అత్తయ్య మహా అయితే ఉప్పు సరిపోయిందంటుంది, ఆయన ఏది పెట్టినా ఫోన్ చూస్తూ తింటాడు. సరిగ్గా అలాంటప్పుడు అన్నీ నిండుకున్నాయి అన్న మాట చెవిన పడింది. అన్నీ నిండుగా ఉన్నాయి, మాకేం లోటు లేదు, ఇక చాల్లే నీ కూరలు. ఎంత మర్యాదగా చెప్పిందో చూడు అనుకుంది. మంచిదే, పెట్టమన్న వాళ్ళకే పెడదాం అనుకుంది. మర్నాటి నుంచీ ఆ రెండు గిన్నెలూ అటక మీదకి చేరాయి. అలిగింది, అదీ అసలు సంగతి. అర్థం తెలియకపోవడం ఒకెత్తు, అలగడం ఇంకో ఎత్తు, రెండోదానికి భాష అడ్డం రాలేదు.

ఎన్నాళ్ళయింది? వారం దాటింది. వారమేనా? ఆ తర్వాత షాపులో కొత్త ఫ్రేములు వచ్చాయి, ఆదివారం కూడా వెళ్ళింది, ఆ తర్వాత ఆయనకి జలుబు. ఎక్కువే అయ్యుంటుంది. మధ్యలో ఒకసారి పిన్ని మెట్ల దగ్గర కనిపించి, నల్లపూసైపోయావేమిటి అద్దాలమ్మాయ్ అంది. ఆ మాట మాత్రం ఆమెకి తెలుసు. పని పిన్నీ, ఊపిరాడని పని అని ఒక నవ్వు పడేసి లోపలికొచ్చేసింది. పిన్ని ఇంకేమీ అడగలేదు. ఆవిడ రెండోసారి అడిగే మనిషి కాదు. కుట్టిన బట్టలు తీసుకెళ్ళమని కూడా ఎవరికీ రెండోసారి చెప్పదు, అలా మనుషులు మర్చిపోయిన జాకెట్లు ఆ ఇంట్లో కొయ్యకి గుత్తులుగా వేలాడుతుంటాయి. ఒకసారి నోరు తెరిచి అడిగింది, అదృష్టవంతులు అని జవాబు వచ్చింది. ఇంకెందుకు అడుగుతుంది?

పిన్నికి షుగరు. అది గుర్తొచ్చేసరికి ఆమె సీట్లో నిటారుగా కూర్చుంది. కళ్ళు మసకలంటే కిందటేడు షాపుకి తీసుకెళ్ళి తనే చూసి, ఇది అద్దాలతో పోయేది కాదు పిన్నీ, రక్తం చూపించుకోండి అని పంపింది తనే. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మాత్ర వేసుకుని తినకపోతే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, ఎక్కడ ఉంటే అక్కడే కూలబడిపోతారు. ఫోన్ తీసి పిన్నికి చేసింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఫోన్ బల్ల మీదుంటే కుడిచెయ్యి లేదు, ఎడంచెయ్యి అందాలి, కాస్త టైం పడుతుంది, ఇదిగో ఇప్పుడెత్తుతుంది, ఇప్పుడు. ఎత్తలేదు. అత్తయ్యకి చేసింది, ఒక్కసారి ఎదురింటి తలుపు తట్టి చూడమందామని. అదీ మోగి మోగి ఆగిపోయింది. ఈ వేళప్పుడు అత్తయ్య ఇంట్లో ఉండదు, ఈమధ్య కొత్తగా సాయంకాలం నడక మొదలుపెట్టింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయట, నడుస్తుందట, ఫోన్ ఇంట్లోనే పడేసి పోతుంది. వానలో ఏం నడక? ఆయనకి చేద్దామంటే ఆయన ప్రెస్సులో మిషను దగ్గర ఉంటాడు, చెవి పక్కన బాంబు పేలినా వినబడదు. మళ్ళీ పిన్నికి చేసింది. ఫోన్ మోగుతున్న ఆ గది ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ, కిటికీ దగ్గర స్టూలు, నేల మీద కత్తిరింపుల ముక్కలు, ఆ ముక్కల్లో ఒక కాలు. వద్దు, కాలు లేదు. కాలు తీసేసింది. మళ్ళీ వచ్చింది. తలుపు బద్దలుకొట్టడానికి పైఅంతస్తు వాళ్ళు వస్తారు, ఎవరో ఒకరు అడుగుతారు, ఎదురిల్లు మీదేగా, మీకేం తెలియలేదా? నిండుకున్నాయంటే నిండుగా ఉన్నాయనుకున్నానండీ. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్ముతారా? ఆమే నమ్మదు.

గోడకవతల ఆ మనిషి ఏం తింటోందో తెలియదుగానీ, గోడకివతల తన ఇంట్లో అన్నం చాలడం లేదని వారం రోజులుగా ఆమె ఎంత సణుగుతోంది! పిన్ని వాటా తగ్గించాక కొలత మళ్ళీ మార్చలేదు, మనుషులు మారలేదు, అయినా రాత్రి భోజనాలకి గిన్నె అడుగంటుతోంది. పొద్దున ఆయన డబ్బా, తన డబ్బా సర్దుకుని, అత్తయ్య వాటా గిన్నెలో పెట్టి మూతవేసి వస్తుంది. సాయంత్రం వెళ్ళేసరికి ఆ గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంటుంది. మీకు ఆకలి పెరిగింది అత్తయ్యా, నడక మంచిదే అని మొన్న హాస్యమాడింది కూడా. అత్తయ్య నవ్వలేదు. మనింట్లో ఎలుకలు చేరినట్టున్నాయి అంది ఆమె ఇంకోసారి, పెద్ద ఎలుకలు అని ఆయనకేసి చూస్తూ. అత్తయ్య లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఈమధ్య ఆవిడ అసలు సరిగా మాట్లాడటమే లేదు. ఏదైనా తప్పు చేశానా అని రాత్రిళ్ళు మంచమ్మీద పక్కకి తిరిగి ఆలోచించుకునేది, ఏమీ దొరికేది కాదు. కోడలి వంటింట్లో వేలు పెట్టనని ఆవిడ వచ్చిన రోజే చెప్పింది, అన్నమాట తప్పలేదు, పోపు మాడుతున్నా చూస్తూ కూర్చుంటుందిగానీ నోరెత్తదు. మంచి మనిషే. మంచి మనిషి మాట్లాడకుండా ఉంటే భయం ఎక్కువ. బస్సు ఒక మూరెడు కదిలి మళ్ళీ ఆగింది.

దింపెయ్యండి అని లేచింది. స్టాపు కాదమ్మా అన్నాడు కండక్టరు. తెలుసండీ, దింపెయ్యండి. వానమ్మా. తెలుసండీ. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, ఆయన ఇంకో మాట మాట్లాడకుండా తలుపు తీయించాడు. పక్కసీటావిడ వెనకనుంచి, గొడుగు కావాలా అంది, అప్పటికే ఆమె కిందికి దిగిపోయింది. తమ వీధి చివర దుకాణంలో బియ్యం, పప్పు, గుడ్లు, రొట్టె, నూనె, ఉప్పు, చేతికేది అందితే అది తీసుకుంది. అక్కడ నిలబడి మూట కట్టిస్తుంటే ఒక సిగ్గుమాలిన ఆలోచన వచ్చింది. పిన్ని తలుపు తీసి, మామూలుగా ఉండి, ఇవన్నీ ఎందుకమ్మా అంటే ఏం చెప్పాలి? నాకు తెలుగు రాదని చెప్పాలా? ఆ మనిషి బాగుంటే చాలు, ఇంక ఎంత సిగ్గయినా పడతాను అనుకుంది. ఆ వెంటనే, మరీ ఎక్కువ మంది ముందు కాకుండా ఉంటే బాగుండు అని కూడా అనుకుంది. మనసు ఎంత పాడుదో. నీళ్ళలో చెప్పు తెగింది, తెగిన చెప్పునే ఈడ్చుకుంటూ నడిచింది. మెట్లు ఎక్కుతూ చెవి రిక్కించింది. చెయ్యి విరగక ముందు ఈ మెట్ల దగ్గరికే మిషను చప్పుడు వినిపించేది. ఇప్పుడేం లేదు. తన ఇంటికి తాళం. ఎదురింటి తలుపు దగ్గరికి వేసి ఉంది. తలుపు తోసింది.

మిషను పక్కన స్టూలు మీద దర్జీ పిన్ని నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా, నేల మీద, ఒళ్ళో గిన్నె పెట్టుకుని అత్తయ్య. అన్నం కలిపి ముద్ద చేసి ఎత్తిన చెయ్యి ఆ నోటి దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయింది. పిన్ని నోరు మూసుకుంది. బతికే ఉంది, కూర్చుని ఉంది, తింటోంది. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. అప్పుడు చూసింది. పిన్ని ఎడంచేత్తో మిషను మీదున్న జాకెట్టు గుడ్డ లాగి, అత్తయ్య ఒళ్ళోని గిన్నె మీద కప్పుతోంది. దొంగసొత్తు కప్పినట్టు గబగబా కప్పుతోంది. తనకి కనబడకూడదని. ఇద్దరు పెద్దవాళ్ళు తనని చూసి భయపడుతున్నారు.

"ఆవిణ్ణేమీ అనకు అద్దాలమ్మాయ్," అంది పిన్ని. "మిగిలిందని తెచ్చింది, అంతే. ఆవిడ ఇక్కడుందని నీ ఫోన్ కూడా ఎత్తలేదు నేను."

"అంటే అననీ," అంది అత్తయ్య, చెయ్యి దించకుండానే. "నీ సరుకు ముట్టుకోలేదమ్మా నేను. విడిగా వండలేదు. నువ్వు పెట్టడం ఇష్టంలేక మానేసిన చోట నీ బియ్యంతో వండితే ఏం బాగుంటుంది? ఇది నా వాటా. నా వాటా నా ఇష్టం."

ఆమె చేతిలో మూట నేలకి ఆనింది. చెప్పాలనుకున్నవన్నీ తలకిందులుగా వచ్చాయి. బస్సు, ఉప్పు, పక్కసీటావిడ, మెట్లు, నిండుకోవడమంటే డబ్బాల నిండా ఉండటమనుకున్నాననీ, ఇక నా కూరలు వద్దన్నారనుకున్నాననీ, అలిగాననీ, మాత్ర వేసుకుని పడిపోయారేమోననీ. సగం ఏడుపు, సగం వాన. పిన్నికి ముందు అర్థమైంది. నవ్వు తన్నుకొచ్చి భుజాలు కదిలాయిగానీ, అత్తయ్య ముఖం చూసి ఆపుకుంది.

అత్తయ్య నవ్వలేదు. "అయితే నువ్వు కావాలని మానెయ్యలేదా?"

"కావాలనే అనుకున్నారా అత్తయ్యా?"

అత్తయ్య గిన్నెలోకి చూసింది. ఇన్ని రోజులూ తమ ఇంట్లో ఒకే భోజనాల బల్ల దగ్గర, ఒకరికొకరు కూర జరుపుకుంటూ, ఈవిడ తనని పిసినారి అనుకుంటూ తిన్నది. తను అదేమీ తెలియక హాస్యాలాడింది. ఎలుకలంది. ఆమెకి ముఖమంతా వేడెక్కింది. అడగొచ్చు కదా అందామనుకుంది, ఆ మాట అత్తయ్య కూడా అనొచ్చునని తట్టి ఊరుకుంది. వంగి గిన్నె మీద గుడ్డ తీసింది. పొద్దున తను వండిన ఆలుగడ్డ కూరే. హడావిడిలో ముక్కలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది పడ్డాయి, తన చేతి పనే. అందులో సగం లేదు. మధ్యాహ్నానికి సగం, రాత్రి మాత్రకి సగం.

"ఇంతేగా నేను పెట్టింది," అంది ఆమె. "పొద్దున్నించీ మీరేం తిన్నారు?"

"రాత్రికి అందరం తింటాంగా," అంది అత్తయ్య.

దర్జీ పిన్ని స్టూలు మీంచి ముందుకి వంగింది. "వదినా, మిగిలిందన్నావుగా?"

"మిగిలిందే."

"అబద్ధం. ఇన్నాళ్ళూ నీ నోటి దగ్గర కూడు నాకు పెట్టావా?" పిన్ని, ఇంకా గాల్లోనే ఉన్న అత్తయ్య మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని, ఆ ముద్దని వెనక్కి తిప్పి, అత్తయ్య నోటి దగ్గరే పెట్టింది. "తిను."

"ఛ, నీకు కలిపిందే."

"తింటావా, నలుగురూ వినేట్టు కేకెయ్యమంటావా?"

అత్తయ్య కోడలికేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏం చెయ్యమంటావు అన్నట్టుంది. తినండి అత్తయ్యా అంది ఆమె. అత్తయ్య నోరు తెరిచింది. ఆకలి మీదున్న మనిషి ఎలా నములుతుందో ఆమె ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. ఇప్పుడు చూసింది, చూడలేక తెగిన చెప్పులు గడప బయట వదిలి మూట ఎత్తుకుంది. పెద్ద గిన్నె ఎక్కడుంది పిన్నీ అని అడిగి, ముగ్గురికి సరిపడా బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.